అండీ అక్క

మే 3, ఆదివారం

వచ్చాను. గది బాగానే ఉంది. చెక్క గోడలు, రేకుల కప్పు, ఐదు మంచాలు. నాలుగు పిల్లలకి, తలుపు పక్కది నాకు. గోడకి ఒక అలమర. అందులో పై అర నాదట. నాకేం అక్కర్లేదు. సంచి మంచం కిందకి తోసేశాను. విప్పి సర్దుకునేంత కాలం నన్ను ఏ పనిలోనూ ఉంచుకోలేదు, ఇక్కడ మాత్రం ఎందుకు ఉంచుకుంటారు.

బస్సెక్కించేటప్పుడు అక్క ఒకటే మాట. "ఈసారైనా ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకోవే. బేకరీలో ఏం జరిగిందో గుర్తుందిగా." గుర్తుండకేం. యజమాని రోజంతా నన్ను "ఏయ్" అన్నాడు. నాకో పేరుందని చెప్పాను. "ఏయ్, పేరున్నదానా" అన్నాడు. ట్రే కింద పడింది. పడింది అనే అక్కకి చెప్పాను.

ఇక్కడ నా ఉద్యోగం పేరు ఇంటర్న్ కౌన్సెలర్. ఈత వచ్చు, పిల్లలంటే భయం లేదు అని రాసిస్తే తీసుకున్నారు. ఇంటర్న్ అంటే ఏంటని సీనియర్ కౌన్సెలర్‌ని అడిగాను. ఇతనికి ఈల అని పేరు పెట్టాను. మెళ్ళో ఈల తీయడు, తువ్వాలు పట్టుకుని స్నానానికి వెళ్తున్నప్పుడు కూడా అది వేలాడుతూనే ఉంది. "పని అందరిదీ చేయాలి, మాట మాత్రం ఎవరికీ చెప్పకూడదు. ఇంటర్న్ అంటే అదేనండీ" అన్నాడు.

నాకు అండీ ఏంటి అనుకున్నాను. సాయంత్రం తెలిసింది.

డైరెక్టరమ్మ మమ్మల్నందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి ఇక్కడి రూలు చెప్పింది. ఈ శిబిరంలో పిల్లల్ని నువ్వు అనకూడదు. ఎంత చిన్నవాళ్ళయినా మీరే. రండి, కూర్చోండి, తినండి. పనివాళ్ళం ఒకరినొకరం కూడా అంతే. "ఇంట్లో నువ్వు, బళ్ళో నువ్వు, వీధిలో ఒరేయ్. ఏడాదిలో మూడు వారాలైనా ఎవరో ఒకరు వాళ్ళని మీరు అనాలి. నేనడిగేది అంతే" అంది. నోరు జారినవాళ్ళు ఆ పూట గిన్నెలు తోమాలి.

నన్ను ఇంతవరకు మీరు అన్నవాడు ఒక్కడే, ఒక బస్సు కండక్టర్. "మీరు దిగండి మేడమ్" అన్నాడు, నవ్వుతూనే. టికెట్ లేదులే.

చివర్లో డైరెక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఏడాది పొడుగునా ఉండే పని ఒకటి ఖాళీగా ఉందట. "మీ గదిలో పిల్లలందరూ ఆఖరి రోజు దాకా ఉంటే మిమ్మల్నే పెట్టుకుంటాను. ఒక్కరు మధ్యలో వెళ్ళిపోయినా కమిటీని ఒప్పించడం నావల్ల కాదు. మీకు అనుభవం లేదు కదా" అంది.

ఆ పని మీద నాకు ఆశేం లేదు. ఊరికే రాసి పెడుతున్నాను.

మే 4, సోమవారం

పిల్లలొచ్చారు. అందరికీ పదీ పదకొండేళ్ళు. అసలు పేర్లు వాళ్ళ అట్టబిళ్ళల మీద ఉన్నాయి, నా పేర్లు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఒకతి వకీలు. లోపలికి రాకముందే, "కిటికీ పక్క మంచం ఎవరిదో ఎవరు నిర్ణయించారు?" అని అడిగింది. ఇద్దరు కవలలు. ఒకేలా ఉంటారు, ఒకేసారి అబద్ధమాడతారు. ఒకదాని మోకాలికి ప్లాస్టర్ ఉంది కాబట్టి సరిపోయింది. నాలుగోది మూట. నీలం సంచి తెచ్చి మంచం మీద పెట్టి, దాని మీదెక్కి కూర్చుంది. పడుకునేటప్పుడు దాన్నే తలకింద పెట్టుకుంది. బూట్లు విప్పలేదు.

భోజనాల దగ్గర ప్లాస్టర్ లేని కవల కుర్చీ వెనక్కి ఊపుతోంది. "ఒసేయ్, పడి చస్తావే" అన్నాను. హాలంతా తిరిగి చూసింది. ఈల ఈల ఊదాడు.

వంటాయన నాకు పీచు అందిస్తూ, "మొదటిరోజే బోణీ చేశారన్నమాట" అన్నాడు.

"నువ్వు కూడా నన్ను మీరు అనాలా?"

"రూలు కదండీ. ఆ మాడిన మూకుడు మీదే, పట్టండి."

కోపం రాలేదు.

మే 5, మంగళవారం

కోపం రాలేదు. గిన్నెలు తోమాను.

మే 6, బుధవారం

మీరు పెట్టి తిట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. తిట్టు అంటే నోట్లోంచి రాయిలా వచ్చి పడాలి. దాని తోకకి ఒక అండీ తగిలిస్తే దూదిపింజ అయిపోతుంది.

పొద్దున వకీలు చెప్పు నా పాలగ్లాసులో పడింది. విసిరింది కవలలు. నేను లేచి, ఊపిరి పీల్చుకుని, "ఈ చెప్పు ఎవరిదండీ?" అన్నాను.

"నాదేనండీ" అంది వకీలు.

"మీరే తీసుకుంటారా, లేకపోతే నన్నే మీ నెత్తిన పెట్టమంటారా?"

మీరు ఉంది. అండీ ఉంది. ఈల కాసేపు ఆలోచించి, నోటి దాకా తెచ్చిన ఈల కిందకి వదిలేశాడు.

"అక్కా, నాకో సందేహం. మీరు అంటూ తిడితే అది గౌరవం కిందకి వస్తుందా, తిట్టు కిందకి వస్తుందా?" అంది వకీలు.

"ముందు పాలు తాగండి. తర్వాత తేలుద్దాం."

"నా చెప్పు పడిన పాలా?"

"అవి నావండీ. మీవి ఇవి."

సాయంత్రానికి నా పేరు అండీ అక్క అయి కూర్చుంది. వాళ్ళు నన్ను నువ్వు అంటారు, నేను వాళ్ళని మీరంటాను. ఇంటికెళ్ళి అక్కకి చెబితే నమ్మదు.

మూట ఒక్కతే నన్ను మీరంటుంది. అందరూ నవ్వుతుంటే అది నవ్వలేదు. వానొస్తుందేమోనని మబ్బు వంక చూసినట్టు నా మొహం వంక చూస్తూ కూర్చుంది.

మే 7, గురువారం

రోజంతా వాన. ఆటలు లేవు. గదిలో తడి తువ్వాళ్ళ వాసన. కథ చెప్పమని ప్రాణం తీశారు.

నాకు బోలెడు కథలు తెలుసు. ఒక్కదానికీ చివర తెలియదు. ఏడో తరగతితో నా బడి ఆగింది. ఆ తర్వాత చదివిందంతా బేకరీలో పొట్లాలు కట్టడానికి తెచ్చే పాత పత్రికలే. రహస్యం బయటపడే చోట కాగితం చిరిగిపోయి ఉంటుంది, లేకపోతే నూనె మరకుంటుంది. దొంగ తలుపు దగ్గరికి వచ్చాడు, గొళ్ళెం కదిలింది, దాంతో సరి.

"తర్వాత?" అన్నారు కవలలు.

"తర్వాత ఎవరో బన్ను కొనుక్కున్నారండీ."

వకీలు ఊరుకోలేదు. చివర లేని కథ చెప్పడం మోసమంది. దొంగకి తనే శిక్ష వేసింది. కవలలు అప్పీలు చేశారు. మూట గోడ వైపు తిరిగి పడుకుంది, సంచి పట్టీ చేతికి చుట్టుకుని. దానికి తర్వాత ఏమైందో అక్కర్లేదు. నాకు మాత్రం దాని సంగతి ఎందుకు.

మే 8, శుక్రవారం

డైరెక్టరమ్మ గదులు చూడ్డానికి వచ్చింది. మూట ముందు ఆగి, వంగి, ఎంతో మెత్తగా, "మీకు ఇక్కడ బాగుందా అమ్మా? మీకేమైనా కావాలా?" అంది.

మూట చటుక్కున లేచి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుని, నేల చూస్తూ, "నేనేం చేయలేదండీ" అంది.

"మీరేం చేశారని కాదమ్మా, మీరు సంతోషంగా ఉన్నారా అని."

"ఉన్నానండీ. ఇంకెప్పుడూ చేయనండీ."

ఏం చేయదట? ఎవరికీ అర్థం కాలేదు. డైరెక్టరమ్మ నా వంక చూసింది, నేనేదో చేసినట్టు. కోపం రాలేదు.

మే 10, ఆదివారం

ఇళ్ళకి ఫోన్లు చేసే రోజు. ఆఫీసు గది ముందు వరస. వకీలు వాళ్ళ నాన్నతో మాట్లాడుతూ, "నేను చెప్పేది పూర్తిగా వినండి" అంటోంది. మూట ఫోను పట్టుకుని గోడ మూలకి ఒదిగిపోయి ఏదో చెప్పి ఏడ్చింది.

సాయంత్రం డైరెక్టరమ్మ పిలిచింది. వచ్చే ఆదివారం అమ్మానాన్నలు చూడ్డానికి వస్తారు. మూట వాళ్ళమ్మ, అప్పటికీ పిల్ల ఉండనంటే వెంట తీసుకుపోతానందట.

"మీరు కాస్త ప్రయత్నించండి. మిమ్మల్ని ఉంచుకోవాలనే నాకూ ఉంది" అంది.

నాకేం. పోతే పోతుంది. బేకరీలు చాలా ఉన్నాయి.

మే 11, సోమవారం

ప్రయత్నం అంటే ఇదీ. ఇంతకుముందు మీరు అన్నప్పుడల్లా పళ్ళ మధ్య నుంచి అంటున్నాను, అందుకే భయపడుతోందేమో. ఈరోజు నుంచి మర్యాద పెంచాను. "మీరు ముందు నడవండి. మీ జడ వేయమంటారా? మీకు ఇంకో గుడ్డు కావాలా?" వంటాయనకి, ఈలకి కూడా చెప్పాను. ఈల మోకాళ్ళ మీద కూర్చుని మరీ, "మీరు మా జట్టులోకి వస్తే మాకెంతో సంతోషమండీ" అన్నాడు.

మూట ముద్ద దిగక నీళ్ళు తాగింది.

మే 12, మంగళవారం

మర్యాద ఇంకా పెంచాను. "తమరు దయచేసి పడవల దగ్గరికి వస్తారా?" అన్నాను. తమరు అన్న మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు.

భోరున ఏడ్చింది.

నాకు పిల్లల్ని చూసుకోవడం రాదు. ఈ మాట ఎవరికీ చెప్పను.

మే 13, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చెరువులో పడవలెక్కే వంతు ఇవాళ మా గదిది. నలుగురికీ లైఫ్ జాకెట్లు కట్టాను. మూట సంచి కూడా వెంట తెచ్చుకుంది. ఒడ్డున పెట్టి రండి అన్నాను. ఇంకా గట్టిగా హత్తుకుంది. మళ్ళీ ఏడిపించే ఓపిక లేక సరేలే అన్నాను.

ఎంతో దూరం పోలేదు. కవలలు తెడ్డు కోసం కొట్టుకుంటున్నారు. తెడ్డు న్యాయంగా ఎవరికి చెందాలో వకీలు వివరిస్తోంది. తెడ్డు నీళ్ళలో దబ్బున పడి, ఆ నీళ్ళు సంచి మీద చిందాయి. మూట సంచిని నెత్తి మీదకి ఎత్తి పట్టుకుని లేచి నిలబడింది. పడవలో.

అప్పుడు ఏ రూలు గుర్తుంటుంది. "ఒసేయ్ మొద్దూ, కూర్చోవే. నిన్నేనే. తిరగబడుతుందే. అందర్నీ ముంచేస్తావా ఏంటే" అని అరిచాను. పిల్లలొచ్చిన దగ్గర్నుంచి మింగిన ఒసేయ్‌లూ ఏమేలూ అన్నీ ఒకేసారి బయటికి వచ్చాయి. అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయాయి.

మూట కూర్చోలేదు. నోరు తెరుచుకుని నా వంక చూసింది. భయం లేదు ఆ మొహంలో. ఎన్నాళ్ళో కనపడని మనిషి ఎదురైతే చూస్తామే, అలా చూసింది. ఈలోపు పడవ తిరగబడింది.

నీళ్ళు నా నడుం దాకా కూడా లేవు. బురద మాత్రం కావలసినంత. లేచి తలకాయలు చూసుకున్నాను. నాలుగూ ఉన్నాయి. అందులో ఒకటి నవ్వుతోంది. జుట్టుకి నాచు వేలాడుతుంటే, కారుతున్న సంచి చంకలో పెట్టుకుని మూట నవ్వుతోంది. "నన్ను మొద్దు అంది. విన్నారా, నన్నే అంది" అని కవలలకి చెబుతోంది, బహుమతి కొట్టినట్టు.

ఒడ్డున ఈల ఊదుతూనే ఉన్నాడు.

సంచి తడిసి ముద్దయింది. విప్పక తప్పలేదు. గౌన్లు, మేజోళ్ళు, దుప్పటి, ఒక గుడ్డ కుందేలు, అన్నీ తాడు మీద ఆరేశాను. నేను బట్టలు పిండుతుంటే పక్కకొచ్చి నిలబడింది.

"అక్కా, నా మీద కోపం పోయిందా?"

"పోవడమేంటే? ఇప్పుడే కదా ఊరంతా వినేలా తిట్టాను."

"అదే. తిట్టావుగా. ఇన్నాళ్ళూ మీరు, మీరు అన్నావు. అందరూ అన్నారు."

"అయితే?"

"మా అమ్మకి కోపమొస్తేనే మీరంటుంది. మామూలప్పుడు ఒసేయ్, పిచ్చిమొద్దూ అంటుంది. కోపమొస్తే మాత్రం, 'ఏమండీ మహారాణిగారూ, మీ నిద్ర అయిందా' అంటుంది. మీరు అందంటే ఆ రోజు నా పని అయిపోయినట్టే. తమరు అందంటే మా నాన్న కూడా ఇంట్లో ఉండడు."

"నాన్న ఎక్కడికి పోతాడు?"

"వీధి చివరికి. తగ్గాక వస్తాడు."

పిండుతున్న గౌను చేతిలోనే ఉండిపోయింది.

"ఇక్కడ గేటు దగ్గరే ఆ ఈల ఊదే అంకుల్ మీరు అన్నాడు. తర్వాత మేడమ్ అంది. వంటాయనా అన్నాడు. నేనేం చేశానో ఎవరూ చెప్పరు. నవ్వుతూ అంటారు. మా అమ్మ కూడా నవ్వుతూనే అంటుంది. నిన్న నువ్వు తమరు అన్నావు." కుందేలు చెవి నుంచి నీళ్ళు పిండుతూ అంది.

కండక్టర్ కూడా నవ్వుతూనే అన్నాడు. నాకు తట్టాలి. ఇంకెవరికి తట్టకపోయినా నాకు తట్టాల్సింది. ఆ పిల్ల బూట్లతో పడుకుంది ఏ క్షణాన దిగిపొమ్మంటారోనని.

సాయంత్రం ఆరిన బట్టలు తెచ్చి మూట అలమర కింది అరలో పెట్టుకుంది. మడతలు సరిగ్గా లేవని వకీలు అభ్యంతరం చెప్పింది. కుందేలు దిండు మీద ఉంది. బూట్లు మంచం కింద ఉన్నాయి.

మే 14, గురువారం

డైరెక్టరమ్మ పిలిచింది. "పడవ దగ్గర అరిచారట."

"నోరు జారిందండీ."

"ప్రమాదం వస్తే అరవాల్సిందే, దానికి గిన్నెలు లేవు. గదుల్లో మాత్రం వినపడకూడదు. మీరు బాగా నేర్చుకుంటున్నారు, ఇప్పుడు పాడు చేసుకోకండి."

మూట సంగతి అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. మీ రూలు వల్లే ఆ పిల్ల వణికిపోయిందని ఆమె మొహం మీదే చెబితే నన్ను ఉంచుకుంటుందా. అదీగాక మూట ఇప్పుడు బాగానే ఉంది. చెప్పాల్సిన అవసరమేం లేదు. లేదు.

మూటా నేనూ ఒక ఒప్పందం చేసుకున్నాం. బయట నేను మీరు అన్నప్పుడల్లా నా చెవి పట్టుకుంటాను. చెవి పట్టుకుంటే అది రూలు, కోపం కాదు.

"మరి చెవి పట్టుకోకపోతే?"

"నిజంగానే కోపమొచ్చిందని. పారిపో."

తలాడించింది. తర్వాత నవ్వింది. ముందు పళ్ళ మధ్య సందుంది దీనికి. ఇప్పుడే చూశాను.

మే 15, శుక్రవారం

రహస్యం గదిలోనే ఉండాలన్నాను. వకీలు మా అందరి చేతా ఒట్టు వేయించింది. మధ్యాహ్నానికి పక్క గది పిల్లలు చెవులు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. కవలలు తాము కాదన్నారు, ఒకేసారి.

మే 16, శనివారం

అయిపోయింది.

పొద్దున భోజనాల హాల్లో చూస్తే శిబిరం మొత్తం చెవులు పట్టుకుని ఉంది. "మీరు ఉప్పు ఇలా ఇస్తారా" చెవి. "మీరే తీసుకోండి" చెవి. ఈల కూడా, ఎందుకో తెలియకుండానే, ఒక చేత్తో ఈలా ఇంకో చేత్తో చెవీ పట్టుకుని తిరుగుతున్నాడు. డైరెక్టరమ్మ అది చూసి హడలిపోయింది. చెరువు నీళ్ళలో ఏదో ఉంది, పిల్లలందరికీ చెవిపోటు అంటుకుంది అంది. ఫోన్ చేసి నర్సమ్మని పిలిపించింది.

నర్సమ్మ పెద్ద సీసా పట్టుకుని వచ్చింది. అందర్నీ వరసలో నిలబెట్టి, తల వంచి, ఒక్కో చెవిలో మందు పోయడం మొదలెట్టింది. పనివాళ్ళక్కూడా. వంటాయన చెవిలో పోస్తే పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడు వినపడలేదు. డైరెక్టరమ్మ ముందుగా తనే పోయించుకుంది, పిల్లలకి ధైర్యం చెప్పడానికి.

మూట వంతు వచ్చింది. నర్సమ్మ గడ్డం పట్టుకుని, "మీరు కదలకండి" అంది. చెవి పట్టుకోకుండా అంది మరి. మూట బిగుసుకుపోయి నా కోసం వెతికింది.

"ఆగండి. ఎవరికీ చెవిపోటు లేదు. నేనే నేర్పాను" అన్నాను.

అక్కడే, అందరి ముందూ, మొత్తం చెప్పేశాను. మూట వాళ్ళమ్మ మీరు, నా తమరు, పడవ, చెవులు. డైరెక్టరమ్మ తల ఒక పక్కకి వంచి విన్నది, మందు కారిపోకుండా. నర్సమ్మ చేతిలోంచి సీసా తీసుకుంది.

"రేపు ఆదివారం. అమ్మానాన్నలు వస్తారు. అది అయ్యాక మాట్లాడదాం. మీరు వెళ్ళండి."

ఆమె నన్ను మొదటిరోజు నుంచీ మీరే అంటోంది. ఈసారి వినపడింది.

సంచి మంచం కిందే ఉంది. సర్దే పని లేదు. అదొకటి కలిసొచ్చింది.

మే 17, ఆదివారం

మూట వాళ్ళమ్మ వచ్చింది. ఏ రాక్షసో అనుకున్నాను. పొట్టిగా, గుండ్రంగా, చేతిలో పళ్ళ బుట్టతో గుమ్మంలోకి వస్తూనే, "ఎక్కడే నా పిచ్చిమొద్దు?" అంది. వెనకాల నాన్న. సన్నగా, పొడుగ్గా, నోట్లో మాట లేని మనిషి.

మూట పరిగెత్తుకెళ్ళి నడుం చుట్టేసుకుంది. తర్వాత వదిలి, "నేను రానమ్మా. ఇవాళ తాడు లాగుడు పోటీ. మా జట్టులో చివర నిలబడేది నేనే. ఆఖరి రోజు దాకా ఉంటాను" అంది.

అమ్మ బుట్ట కింద పెట్టింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమండీ. పోయిన ఆదివారం ఫోన్లో అంతలేసి ఏడుపులు ఏడ్చారు. వారం రోజులు నాకు కంటి మీద కునుకు లేదు. తెల్లవారకముందే లేచి ఇంత దూరం పడి వచ్చాను. ఇప్పుడేమో తమరు రారా?"

తమరు. నాన్న అడుగు వెనక్కి వేసి, ఇంకో అడుగు వేసి, గుమ్మం బయటికి వెళ్ళిపోయాడు. నేను మూట వంక చూడలేకపోయాను. ఇప్పుడు మూట వెళ్ళిపోతానంటే అయిపోయినట్టే. దానికి కాదు, నాకు. దానికీ.

మూట నేల చూసింది. తర్వాత తల ఎత్తింది.

"అమ్మా, చెవి పట్టుకో."

"ఏంటీ?"

"కోపం లేకుండా మీరంటే చెవి పట్టుకోవాలి. కోపముంటే అక్కర్లేదు. నీకు కోపం ఉందో లేదో చెప్పు."

అమ్మ చుట్టూ చూసింది. కవలలు చెవులు పట్టుకుని ఉన్నారు, అలా పట్టుకోవాలి అని చూపించడానికి. వకీలు రెండు చెవులూ పట్టుకుంది. కిటికీ బయట డైరెక్టరమ్మ ఆగి చూస్తోంది. మూట ఒక్కతే చేతులు పక్కన పెట్టుకుని వాళ్ళమ్మ మొహం వంక చూస్తోంది, మబ్బు వంక చూసినట్టే.

వాళ్ళమ్మ చెయ్యి నడుం మీంచి లేచింది. అది పైకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. చెవి దగ్గర ఆగింది. పట్టుకుంది.

"నేను మీరంటే నీకు అంత భయమేంటే?" అంది, చిన్నగా.

"తమరంటే ఇంకా భయం."

ఆమె నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "ఎవరు నేర్పారే నీకీ చెవులు పట్టుకోవడం?"

నాలుగు వేళ్ళు నా వైపు తిరిగాయి. ఇలాంటప్పుడు మాత్రం అందరూ నిజం చెబుతారు.

నాన్న గుమ్మంలోంచి తల పెట్టి చూశాడు. "తగ్గిందా?" అన్నాడు.

మధ్యాహ్నం తాడు లాగుడులో మా జట్టు ఓడిపోయింది. మూట తాడు వదలక బురదలో చాలా దూరం పోయింది. వాళ్ళమ్మ గట్టు మీంచి, "లాగవే పిచ్చిమొద్దూ" అని అరుస్తూనే ఉంది. సాయంత్రం వాళ్ళ కారు వెళ్ళిపోయింది. మూట ఇక్కడే ఉంది.

తర్వాత డైరెక్టరమ్మ ఆఫీసుకి రమ్మంది. సంచి భుజాన వేసుకునే వెళ్ళాను. దిగమని చెప్పించుకోవడం ఒకసారి చాలు.

తలుపు తోయగానే ఆమె తల ఎత్తింది.

"ఆ సంచి ఏంటే?"

సంచి పట్టీ గట్టిగా పట్టుకున్నాను.

"ముందది కింద పడేసి కూర్చో. బుద్ధుందా నీకు? పిల్ల అంత భయపడుతోందని తెలిసిన క్షణాన నా దగ్గరికి పరిగెత్తుకు రావాలా వద్దా? నేను పిలిచి అడిగితే నోరు జారింది అంటావా? చెబితే నిన్ను మింగేస్తానా? చెవులు పట్టించిందట చెవులు. అంతమంది చెవుల్లో మందు పోయించావు కదే. నాకు ఇప్పటికీ ఎడమ పక్క వినపడి చావట్లేదు."

ఇంకా చాలా తిట్టింది. నేను తిట్లు వినలేదు. కూర్చో. నీకు. అంటావా. పోయించావు కదే. అవి విన్నాను. అక్క తిట్టినట్టే తిట్టింది, ఎక్కడా ఒక్క అండీ లేకుండా.

"నవ్వుతావేంటే?"

"ఏం లేదండీ."

ఆమె బల్ల మీది చెవి మందు సీసా మూత తిప్పింది. "రూలు ఉంటుంది. అది మంచి రూలే" అంది. "కాకపోతే మొదటిరోజే ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి అడగాలి. ఇంట్లో నిన్ను ఏమంటారు, కోపమొస్తే ఏమంటారు అని. నాకు తట్టలేదు. మా ఇంట్లో మీరంటే మీరే. వచ్చే జట్టు నుంచి ఆ అడిగే పని నీది."

"వచ్చే జట్టా?"

"నీ చెవుల్లో మందు కూడా ఇంకా ఆరలేదా?"

గదికి వచ్చేసరికి నలుగురూ ఒకే మంచం మీద కూర్చుని ఉన్నారు.

"తిట్టిందా?" అంది మూట.

"బాగా తిట్టింది."

"మీరు అని తిట్టిందా, నువ్వు అనా?" అంది వకీలు.

"ఏమే అని."

"అయితే కేసు గెలిచాం" అంది వకీలు.

మూట నా భుజం మీంచి సంచి లాక్కుంది. కుర్చీ ఎక్కి, పై అరలో నా బట్టలన్నీ తనే సర్దింది. "ఇన్నేనా?" అంది. ఇన్నే అన్నాను. అయినా అరలో చోటు మిగలకుండా పరిచింది.

మే 18, సోమవారం

కోపం రాలేదు. గిన్నెలు తోమాను. తిట్టినందుకు కాదు, వంటాయన పిలిచాడని. "మీరు లేకపోతే బోసిగా ఉందండీ" అన్నాడు, చెవి పట్టుకుని.

మే 24, ఆదివారం

కోపం వచ్చింది.

ఆ బస్సు మీద. పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడింది, ఎవరో పిలిచినట్టు. డ్రైవర్‌కి తొందరెక్కువ. ఊరికే హారన్ కొడతాడు. పిల్లలు చెప్పులు వెతుక్కోవద్దా.

కవలలు చెవిలో ఒక నిజం చెప్పి వెళ్ళారు. ఆ ప్లాస్టర్‌ని వచ్చిన మూడోరోజు నుంచీ మార్చుకుంటూనే ఉన్నారట. ఇన్నాళ్ళూ నేను ఎవర్ని ఎవరనుకుని తిట్టానో. వకీలు చెయ్యి కలిపి, దొంగ కథకి చివర తనే రాసి పంపిస్తానంది, నేను మార్చకూడదట.

మూట చివర్న ఎక్కింది. సంచి ఒళ్ళో పెట్టుకోలేదు, పైన పెట్టేసింది. కిటికీ అద్దం తోసి తల బయటికి పెట్టింది. "తల లోపల పెట్టవే మొద్దూ" అన్నాను. ఈల పక్కనే ఉన్నాడు. వాడికి ఈల ఊదాలని గుర్తు రాలేదు.

బస్సు కదిలింది.

"అండీ అక్కగారూ" అని అరిచింది. "తమరు ఏడుస్తున్నారా?"

రెండు చెవులూ పట్టుకుని అడిగింది.

ఏడుపు రాలేదు.